గడ్డివామిలో దాచిన బల్లెము

నాటి గుంటూరు జిల్లాలోని యొక గ్రామమున రెండు కక్షలుండెను. 1944వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీని ప్రొద్దు గ్రుంకువేళ పులిపాడు చెరువు మూలను ఒక కక్షవారు పొంచియుండి రెండవ కక్షవారిపై బడి కొట్టిరనియు, ఆ దెబ్బలకు ఇరువురు మరణించిరనియు అభియోగము. ఇట్టి కొట్లాటలు మన పల్లెలకు క్రొత్తవి గావు. కాని యీ చెరువుగట్టు తగవు రెండేండ్లు తిరుగునప్పటికి సముద్రములు దాటి లండనులోని ప్రివీ కౌన్సిలుదాక పోయినది. అచ్చట వెలువడిన తీర్పు నేటికిని మనదేశపు న్యాయస్థానములలో అనుదినము వినబడుచున్నది. మొదటి ముద్దాయి పేరే ఆ కేసునకు పేరైనది. న్యాయశాస్త్రము చదువు ప్రతి విద్యార్థికిని ఆ పేరు తెలియును. అయినను అతని సంతతివారు ఎచ్చటనో గౌరవముగ బ్రతుకుచుండవచ్చును గనుక ఇందు వ్రాయుట మానితిని.

గుంటూరు సెషన్సు కోర్టులో విచారణ జరిగెను. చూచిన సాక్షులార్గురు. ఆర్గురును ముద్దాయిల యెదుటి కక్షకు జెందినవారే! కక్షలున్న యూర సాక్ష్యమునకు వచ్చు చిక్కిదియే. చచ్చినవాని తరపువారు చూచితిమందురు. చంపెననబడినవాని తరపువారు ఆనాడు అతడు ఊరనే లేడందురు. ఏ కక్షయు లేని పెద్దమనుష్యులు తలుపులు బిగించుకొని తమకేమియు తెలియదందురు. ఈ మూడవ తరగతివారి మౌనమువలన ఎన్ని హత్యలు రుజువుగాక పోయినవో, ఎందరు నిరపరాధులు చెఱసాలల పాలైరో చెప్ప శక్యము గాదు. ఆ దినములలో సెషన్సు జడ్జికి తోడుగ అసెసర్లను గూర్చుండబెట్టు పద్ధతి యుండెడిది. వారి యభిప్రాయమును జడ్జి యడుగవలెను గాని పాటింపనక్కరలేదు. 1955లో ఆ పద్ధతి రద్దయ్యెను. ఈ కేసులో అసెసర్లు ఆ సాక్షులను నమ్మలేదు. జడ్జి మాత్రము, వారు పగవారే యైనను చెప్పిన కథ స్థూలముగ నిజమేయని తలచి, తొమ్మండుగురిని దోషులుగ నిర్ణయించెను. మద్రాసు హైకోర్టువారు నట్లే తలచిరి. హత్యకు నాటి చట్టమున శిక్షలు రెండే: ఉరి, లేదా యావజ్జీవ ద్వీపాంతరవాసము.

పగవారి మాటకు బలము కావలెను గదా. ఆ బలము మఱియొక కాగితమునుండి వచ్చినది. 1945 జనవరి 12వ తేదీ ఉదయము 9 గంటలకు ఒక సత్రము నెదుట మధ్యవర్తుల సమక్షమున పోలీసువారు ఆరవ ముద్దాయి వాఙ్మూలమును వ్రాయించిరి. మధ్యవర్తినామా యనగా ఇదియే. తాము పొంచియుండుట, ఇరువురిని చావగొట్టుట, తక్కినవారు పారిపోవుట, తమలో నొకనికి చేతులపై దెబ్బలు తగులుట, అతడు తన బల్లెమును తనకిచ్చుట, దానిని తన కఱ్ఱను గడ్డివామిలో దాచుట, వచ్చినచో చూపెదననుట, ఇదంతయు ఫలానావాని ప్రోద్బలమున జరిగెననుట, అన్నియు అందున్నవి. మూడవ ముద్దాయియు తాను పొడిచితిననియు, బల్లెమును దొడ్డిలో దాచితిననియు చెప్పినట్లు వ్రాసిరి. దాచిన చోటులనుండి ఆయుధములు బయటపడినవి.

పోలీసువారితో చెప్పిన నేరాంగీకారము సాక్ష్యమునకు పనికిరాదని 1872 నాటి సాక్ష్యచట్టము 25వ సెక్షను శాసించుచున్నది. ఈ కట్టుబాటు ఊరక పుట్టలేదు. మన మద్రాసు రాజధానిలోనే 1855లో హింసావిచారణ సంఘమువారు తమ నివేదికను ప్రకటించిరి. వ్రేళ్లను నొక్కు కిట్టి, మనుష్యుని వంచి మెడకు కాళ్లకు త్రాడు బిగించి నిలువబెట్టుట మొదలగు దారుణములు పన్నుల వసూలుకును నేరముల యొప్పుదలకును వాడుకలో నున్నట్లు అందు బయలుపడినది. అట్లు పిండిన మాటను కోర్టు విననొల్లకుండుటయే ప్రజలకు రక్ష. అయితే 27వ సెక్షను ఒక సందు విడిచెను: బందీయైనవాని మాటవలన ఏదేని సంగతి కనుగొనబడినచో, ఆ కనుగొన్న దానికి స్పష్టముగ సంబంధించినంత మట్టుకు ఆ మాట చెల్లును.

ఎంత మట్టుకు? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. దొరికినది నేరమున వాడిన ఆయుధమైనచో, దానిని నేరముతో ముడివెట్టు మాటలును చెల్లునని 1937లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి తీర్మానించియుండెను. లాహోరు, బొంబాయి కోర్టులు అందులకు సమ్మతింపలేదు. ఒక్కటే చట్టము, మద్రాసులో ఒక యర్థము, బొంబాయిలో వేఱొక యర్థము!

ప్రివీ కౌన్సిలు సామాన్యముగ క్రిమినల్ అప్పీళ్లను వినెడిది గాదు. ఘోరమైన యన్యాయము తోచిననే ప్రత్యేకానుమతి నిచ్చెడిది. 1946 డిసెంబరు 19వ తేదీని సర్ జాన్ బోమాంటు తీర్పు చెప్పెను. అతడు పూర్వము బొంబాయి హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తి. సాక్షులు మొదట పోలీసులతో చెప్పిన మాటల నకళ్లు ముద్దాయిల వకీళ్లకు సకాలమున అందలేదను ఆక్షేపణ యుండెను. అది లోపమే గాని దానివలన ముద్దాయిలకు హాని కలుగలేదని దానిని త్రోసివేసిరి. 27వ సెక్షను సంగతి వేఱు. ఇంటికప్పులో కత్తి దాచితినని యొకడు చెప్పినచో కనుగొనబడునది కత్తి కాదు. కత్తులను లోకము ఏనాడో కనుగొన్నది. ఆ యింట కత్తి దాగియున్నదనియు, అది వానికి తెలియుననియు మాత్రమే కనుగొనబడినది. ఆ కత్తితో ఫలానావానిని పొడిచితినను మాట ఆ సంగతికి చేరదు. కావున ఆరవ ముద్దాయి దీర్ఘ వాఙ్మూలమున బల్లెమును కఱ్ఱను వామిలో దాచుట, వచ్చినచో చూపెదననుట, ఈ రెండు ముక్కలు మాత్రము నిలిచినవి. మద్రాసు ఫుల్ బెంచి తీర్మానము తప్పని స్పష్టపఱచి, చెల్లని మాటలను తీసివేసి మిగిలిన సాక్ష్యము చాలునేమో చూడుడని కేసును హైకోర్టునకు మరలించిరి.

చచ్చిన యిరువురి యిండ్ల స్త్రీలకు ఈ సూక్ష్మము రుచించియుండునా? తమ కన్నవారిని చంపితిమని నోట చెప్పినవాని మాటనే సీమదొరలు కొట్టివేసిరని వారు తలచినచో తప్పుపట్టజాలము. అయినను ఆ మాట వాని నోట స్వేచ్ఛగ వచ్చెనో, కిట్టిలో వ్రేలు నలుగగా వచ్చెనో సత్రము నెదుటి కాగితము చెప్పదు. గడ్డివామిలోని బల్లెము మాత్రము ఎవరు కొట్టినను కొట్టకున్నను అచ్చట నున్నదున్నట్లే యుండును. నా దృష్టికి ఆ తీర్పు న్యాయమైనది.

1949 అక్టోబరు 10వ తేదీతో ప్రివీ కౌన్సిలు అధికారము మనదేశమున అంతరించెను. తీర్పు మాత్రము పోలేదు. పార్లమెంటుపై దాడి కేసున 2005లో సుప్రీంకోర్టు దీనినే ప్రమాణముగ గ్రహించెను. 2024 జులై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి రాగా, పాత 27వ సెక్షను 23వ సెక్షనుకు అనుబంధముగ మాఱినది. మాటలు దాదాపు అవియే. నేడును పోలీసువారు మధ్యవర్తులను వెంటబెట్టుకొని దాచిన వస్తువును తీయించుచునే యున్నారు. చూపినవాని మాటలో ఎంత కోసివేయవలెనో వకీళ్లు ఆ గుంటూరు కేసునే ముందుంచుకొని వాదించుచునే యున్నారు.