ఈ-మెయిల్–ఫ్యాక్స్ గేట్‌వే

ఈ-మెయిల్‌గా వచ్చిన లేఖను మెయిల్ సర్వర్ అందుకొని, పుటల బొమ్మగా మార్చి, టెలిఫోన్ లైను మీదుగా ఫ్యాక్స్ యంత్రానికి చేరవేసే ఏర్పాటును ఈ-మెయిల్–ఫ్యాక్స్ గేట్‌వే అంటారు. గేట్‌వే అంటే పొత్తు కుదరని రెండు వ్యవస్థల నడుమ తెరిచిన వాకిలి. ఇక్కడ ఒకవైపు అక్షరాలను సంకేత సంఖ్యలుగా మోసుకుపోయే మెయిల్ ఉండగా, మరోవైపు ఏది అక్షరమో ఏది గీతో తెలియకుండా కాగితం మీది నలుపు తెలుపులను మాత్రమే పంపే ఫ్యాక్స్ ఉంటుంది. ఇంగ్లీషు లేఖలకు ఈ తేడా ఒక సాంకేతిక వివరం మాత్రమే కాగా, తెలుగు లేఖలకు ఈ వాకిలి తెరుచుకోవడమా మానడమా అన్నది దాని మీదే ఆధారపడింది.

రెండింటిలో ఫ్యాక్స్ చాలా పాతది. స్కాట్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే దీనికి పేటెంటు పొందగా, ఇటలీకి చెందిన జొవాన్ని కసెల్లి తయారుచేసిన యంత్రం 1865లో పారిస్, లియాన్ నగరాల మధ్య పనిచేసింది. అయితే ఏ కంపెనీ యంత్రమైనా మరో కంపెనీ యంత్రంతో మాట్లాడగలిగే స్థితి 1980లో గ్రూప్ 3 ప్రమాణం వెలువడిన తరువాతే స్థిరపడింది. ఈ ప్రమాణం ప్రకారం పుట వెడల్పును వరుసకు 1728 చుక్కలుగా చదువుతారు. నిలువునా మాత్రం మామూలు పద్ధతిలో మిల్లీమీటరుకు 3.85 వరుసలు, మేలు పద్ధతిలో 7.7 వరుసలు ఉంటాయి. మామూలు పద్ధతిలో ఇంగ్లీషు టైపు చక్కగానే చదవవచ్చు కాని, సన్నని తెలుగు అచ్చులో అక్షరం కింద ఒదిగే వొత్తులు అలుక్కుపోతాయి కనుక, తెలుగు కాగితానికి మేలు పద్ధతి ఎంచుకొని, ఎక్కువ సమయాన్నీ దానితోపాటు ఎక్కువ ఫోను ఖర్చునూ భరించవలసి వచ్చేది.

నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు మెయిల్ పంపే పద్ధతిని 1971లో రే టామ్లిన్సన్ ప్రారంభించారు. సర్వర్లు లేఖలను పరస్పరం అప్పగించుకునే నియమావళి ఎస్ఎంటీపీ 1982లో ఖరారైంది. ఆ నియమావళి 128 సంకేతాల ఆస్కీ పట్టికనే నమ్ముకున్నందువల్ల అందులో తెలుగుకు చోటు లేకపోయింది. అమెరికాలోని తెలుగువారు 1990ల ఆరంభంలో తెలుగును రోమన్ అక్షరాల్లో రాసుకోవడానికి రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిని ఆశ్రయించింది ఇందుకే. ఫ్యాక్స్‌కు ఇటువంటి చిక్కు లేదు. చేతిరాత అయినా, అచ్చు అయినా, రాజముద్ర అయినా దానికి ఒకటే.

మెయిల్‌ను ఫ్యాక్స్‌గా మార్చే ప్రయత్నాలలో ఎక్కువ పేరు పొందినది 1993లో మార్షల్ రోజ్, కార్ల్ మలముడ్ ప్రారంభించిన టీపీసీ.ఐఎన్‌టీ ప్రయోగం. దూరప్రాంతపు ఫోను పిలుపు ఖరీదైనదీ, స్థానిక పిలుపు దాదాపు ఉచితమూ కావడాన్ని వారు ఆసరాగా తీసుకున్నారు. లేఖ ఇంటర్నెట్ మీద గమ్యస్థానపు ఊరి దాకా ప్రయాణించి, అక్కడ స్వచ్ఛందంగా సర్వర్ నడుపుతున్నవారి మోడెమ్ నుంచి స్థానిక పిలుపుగా ఫ్యాక్స్ యంత్రాన్ని చేరేది. చిరునామాలో ఫోను నంబరును అంకె అంకెకూ చుక్కపెట్టి వెనకనుంచి ముందుకు రాసేవారు, ఎందుకంటే ఇంటర్నెట్ పేర్లలో పెద్ద భాగం కుడి చివరన ఉంటుంది. వనపర్తి ఎస్‌టీడీ కోడ్ 08545లోని సున్నా తీసేసి ముందు భారతదేశపు సంకేతం 91ని చేరిస్తే వచ్చే 918545, ఈ పద్ధతిలో 5.4.5.8.1.9 అవుతుంది. వింతగా కనిపించినా ఈ తిరగరాత వృథా కాలేదు. ఫోను నంబర్లను ఇంటర్నెట్ పేర్లతో ముడిపెట్టడానికి 2000లో వచ్చిన ఈనమ్ ప్రమాణం ఇదే పద్ధతిని అనుసరించింది.

సంస్థలు తమ సొంత సర్వర్ల మీద గేట్‌వే పెట్టుకోవడానికి తోడ్పడినవి ఫ్యాక్స్ మోడెములు, ఉచిత సాఫ్ట్‌వేరు. శామ్ లెఫ్లర్ ఫ్లెక్స్‌ఫ్యాక్స్ పేరుతో రాసి, తరువాత హైలాఫ్యాక్స్‌గా పేరు మార్చిన సాఫ్ట్‌వేరు వీటిలో ముఖ్యమైనది. మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్లయిన సెండ్‌మెయిల్‌లో గాని, 1998లో విడుదలైన పోస్ట్‌ఫిక్స్‌లో గాని నిర్వాహకుడు ఒక ప్రత్యేక డొమైన్ పేరును ఫ్యాక్స్‌కు కేటాయించి, ఆ పేరుతో వచ్చిన లేఖలను పెట్టెలో వేయకుండా ‘ఫ్యాక్స్‌మెయిల్’ అనే ప్రోగ్రాముకు అందించమని నిర్దేశిస్తాడు. ఒక్కో లేఖను ఒక్కో గ్రహీతకే విడివిడిగా ఇవ్వాలన్న షరతు కూడా పెడతాడు. ప్రోగ్రాము లేఖను పోస్ట్‌స్క్రిప్ట్ అనే పుటల భాషలోకి మార్చగా, గోస్ట్‌స్క్రిప్ట్ అనే మరో ప్రోగ్రాము దానిని చుక్కల బొమ్మగా చేస్తుంది. ఆ బొమ్మ వరుసలో నిలబడి వంతు రాగానే మోడెమ్ నంబరు తిప్పుతుంది. లైను ఖాళీ లేకపోతే కొంత వ్యవధి తరువాత మళ్లీ ప్రయత్నిస్తుంది. ఫలితాన్ని పంపినవారికి మెయిల్‌గా తెలుపుతుంది. నంబరు తిప్పే నియమాల పట్టికను స్థానికంగా రాసుకోవాలి. గద్వాల (08546)లో ఉన్న సర్వర్ అదే ఊరికి కోడ్ లేకుండా, నాగర్‌కర్నూల్‌కు 08540 చేర్చి పిలవాలి. ఎవరు పంపవచ్చో నిర్ణయించే కట్టుబాటు ఇంతకంటే ముఖ్యం: అది లేని గేట్‌వే, వాకిలి తీసిపెట్టిన ఐఎస్‌డీ బూత్ వంటిదే.

భారతదేశంలో ఈ-మెయిల్ వంటి అదనపు సేవలను 1992లో ప్రైవేటు సంస్థలకు అనుమతించారు. ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదట మహానగరాల్లో లభించింది, 1998లో ఆ సంస్థ గుత్తాధిపత్యం ముగిసింది. అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగంగా ఉన్న వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వంటి పట్టణాల్లో సామాన్యుడికి అందుబాటులో ఉన్నది ఎస్‌టీడీ బూత్‌లోనో జిరాక్స్ సెంటర్‌లోనో ఉన్న ఫ్యాక్స్. విదేశం నుంచి వచ్చిన కాగితాన్ని శ్రీరంగాపూర్ వంటి పల్లెకు చేర్చాలంటే యంత్రం పని పట్టణంలోనే ముగిసేది. అక్కడినుంచి మనిషి చేతికే ఇవ్వవలసి వచ్చేది.

గేట్‌వేకు తెలుగు లేఖ ఎదురైనప్పుడు అసలు ఇబ్బంది బయటపడుతుంది. మామూలు పాఠాన్ని పోస్ట్‌స్క్రిప్ట్‌గా మార్చే ఆనాటి సాధనాలు లాటిన్ లిపికి ఉద్దేశించినవి. అను వంటి ఫాంట్లతో టైపు చేసిన లేఖ, ఆ ఫాంటు లేని సర్వర్‌కు అర్థంలేని రోమన్ గుర్తుల వరుసగానే కనిపిస్తుంది కాబట్టి, ఫ్యాక్స్‌లోనూ అదే అచ్చవుతుంది. లేఖకు జతపరిచే స్కాన్ బొమ్మ గాని, ఫాంటును తనలోనే దాచుకునే పీడీఎఫ్ గాని దీనికి నమ్మకమైన ఉపాయం. తెలుగుకు 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే చోటు దొరికినా, గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చేదాకా మామూలు కంప్యూటర్లలో దాని వాడుక అంతంతమాత్రమే.

1998లో ఇంటర్నెట్ ద్వారా ఫ్యాక్స్ పంపే పద్ధతికి అధికారిక ప్రమాణాలు ఏర్పడ్డాయి. మెయిల్ ద్వారా ఫ్యాక్స్‌కు టీ.37, ఇంటర్నెట్ మీద అప్పటికప్పుడే పంపడానికి టీ.38 నిర్దేశించారు. ఆ తరువాత స్కానర్లు, మెయిల్ జోడింపులు, ఆపైన మొబైల్ ఫోన్లు వ్యాపించడంతో కాగితాన్ని ఫోను లైనులోకి ఎక్కించవలసిన అవసరమే తగ్గిపోయింది.

ఇదే ఆలోచన ఫోను లైను లేకుండా తపాలా శాఖలోనూ కనిపిస్తుంది. 2004 జనవరి 30న ప్రారంభించిన ఈ-పోస్ట్‌లో సందేశం ఈ-మెయిల్‌గా గమ్యస్థానపు తపాలా కార్యాలయం చేరి, అక్కడ కాగితం మీద అచ్చయి, పోస్ట్‌మ్యాన్ చేతుల మీదుగా ఇంటికి వెళ్లేది. స్కాన్ చేసిన బొమ్మలను కూడా స్వీకరించడం వల్ల, చేత్తో రాసిన తెలుగు ఉత్తరానికి ఏ ఫాంటు అవసరమూ లేకుండా ఇందులో దారి దొరికింది.