లినక్సు ప్రజల చేతికి వచ్చిన విధం

కంప్యూటరును తెరచినంతనే కనిపించే బొమ్మలు, కిటికీలు, జాబితాలు యంత్రంలో తమంతట తాము పుట్టినవి కావు. వాటిని తెరపై చూపి, మన చేతికి అందించే ప్రోగ్రాముల సముదాయాన్ని డెస్క్‌టాప్ పర్యావరణం అంటారు. ఫిన్లండులో చదువుకొంటున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సు వ్యవస్థకు తొలుత అట్టి ఏకరూపమైన ముఖద్వారం లేదు. అనేక పనులకు ఆజ్ఞలను అక్షరాలతో టైపు చేయవలసి వచ్చేది. కిటికీలను చూపే సాధనాలు ఉన్నప్పటికీ, ఒక్కొక్క ప్రోగ్రాముది ఒక్కొక్క తీరు. నిపుణులు మెచ్చిన ఈ వ్యవస్థ సామాన్యునికి ఎట్లు చేరినది?

1996 అక్టోబరు 14న జర్మనీలోని టూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిచ్ ఒక ప్రకటన చేసినాడు. అన్ని ప్రోగ్రాములూ ఒకే తీరున కనిపించి, ఒకే తీరున నడిచే డెస్క్‌టాపును సామాన్య వాడుకదారుల కొరకు నిర్మిద్దామని తోటి ప్రోగ్రామర్లను ఆహ్వానించినాడు. ఈ విధంగా పుట్టినదే కె.డి.ఇ. దాని తొలి పూర్తిరూపం 1998 జూలైలో వెలువడినది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. కె.డి.ఇ.కి ఆధారమైన 'క్యూటి' అనే పరికరాల సంపుటి నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ కంపెనీది. దాని సోర్సుకోడును, అనగా మూలరచనను, మార్చి పంచిపెట్టే స్వేచ్ఛ ఇతరులకు లేదు. ఇల్లు అందరిది, పునాది మాత్రం ఒకరిది అన్నట్లు అయినది. ఈ కారణం చేతనే డెబియన్ బృందం తమ లినక్సులో కె.డి.ఇ.ని చేర్చలేదు. 1997 ఆగస్టులో మెక్సికో దేశీయులు మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా పూర్తిగా స్వేచ్ఛగల మరొక డెస్క్‌టాపును ఆరంభించినారు. అదే గ్నోమ్. 2000 సెప్టెంబరులో ట్రోల్‌టెక్ కూడా క్యూటిని స్వేచ్ఛా లైసెన్సు క్రిందికి తెచ్చినది. ఆ విధంగా రెండిటి పునాదులూ అందరివి అయినవి.

హక్కు లభించినంత మాత్రాన జనం రారు, పరిచయం కలగాలి. స్పెయినులో వెనుకబడిన ప్రాంతమైన ఎక్స్‌త్రెమదూరా ప్రభుత్వం 2002లో గ్నోమ్‌తో కూడిన 'లినెక్స్' వ్యవస్థను వెలువరించి, ఉన్నత పాఠశాలల్లో ఇద్దరు విద్యార్థులకు ఒక కంప్యూటరు చొప్పున ఏర్పాటు చేసినది. బొమ్మలు సవరించే ప్రోగ్రాముకు ఆ ప్రాంతపు చిత్రకారుడు సుర్బరాన్ పేరును, వ్రాత ప్రోగ్రాముకు అక్కడి కవి ఎస్ప్రోన్సెదా పేరును పెట్టినారు. పరదేశపు యంత్రం పిల్లలకు సొంతమనిపించినది. ఆ ప్రత్యేక వ్యవస్థ తరువాత నిలిచిపోయినప్పటికీ, అది చూపిన మార్గం విలువైనది. మన దేశంలో కేరళ రాష్ట్రం పాఠశాలల కంప్యూటరు విద్యను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపైనే నిలిపి, దానిని మలయాళంలోకి తెచ్చుకొన్నది. తెలుగులోనూ స్వచ్ఛంద కార్యకర్తలు గ్నోమ్, కె.డి.ఇ.ల మాటలను అనువదించినారు. 2005లో హైదరాబాదులో ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ ఈ కృషిని కళాశాలల్లోకి తీసికొనిపోయినది.

వచ్చిన జనాన్ని నిలుపుకోవడం మరొక విద్య. 2011 ఏప్రిల్‌లో వెలువడిన గ్నోమ్ 3 పాత జాబితాలను, పట్టీలను తొలగించి తెర స్వరూపాన్నే మార్చివేసినది. అలవాటైన పని తీరు చెదరగా అనేకులు నొచ్చుకొన్నారు. ఒక కంపెనీ సొత్తయిన ప్రోగ్రామైతే వారు సణుగుకొని ఊరకుండవలసి వచ్చేది. ఇక్కడ అట్లు జరుగలేదు. అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకదారుడు పాత గ్నోమ్ మూలరచననే తీసికొని, దక్షిణ అమెరికాలో తేనీరువలె కాచుకొని త్రాగే ఆకు పేరు మీద 'మాటే' అనే డెస్క్‌టాపును ఆరంభించినాడు. లినక్సు మింట్ బృందం సిన్నమన్ అనే మరొకదానిని నిర్మించినది.

మన ఊరి చెరువు నీరు వాడుకొనే రైతులే పూర్వం దాని పూడిక తీసేవారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నడవడి కూడా ఇట్టిదే. దానిని వాడేవారి సంఖ్య పెరగడమంటే కొనుగోలుదారులు పెరగడం కాదు. దోషం కనిపెట్టేవారు, మాట అనువదించేవారు, అవసరమైతే తిరిగి నిర్మించేవారు పెరగడం. పాఠశాలలో తెలుగు జాబితాలతో పనిచేస్తూ, ఒక అనువాదంలో తప్పు పట్టిన విద్యార్థికి దానిని దిద్దే హక్కు కూడా ఉన్నది. ఆ హక్కు ఉన్నదని అతనికి తెలియజెప్పడం ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది.