తక్కెడకీ సంచీకీ మధ్య కవరు



పోయిన నెల కమిటీ మీటింగ్‌లో చిన్న విషయం మీద పెద్ద వాదన జరిగింది. మన సంచిక కోసం ఇల్లిల్లూ అడిగి తెచ్చుకున్న పాత కాగితాలు, అంటే పెళ్ళి లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు, వంశావళులు స్కాన్ చేయడం ముగిసింది. ఇక అసలు కాగితాలు ఎవరివి వాళ్ళకి తిరిగి పంపాలి. మొత్తం అరవై రెండు ఇళ్ళు. హోసూరు, కోవిల్‌పట్టి, కోయంబత్తూరు, బెంగళూరు, కొన్ని షోలాపూరు దాకా. సాదా బ్రౌన్ కవర్లు చవగ్గా వస్తాయి, అవి చాలు అన్నారు కోశాధికారి తమ్ముడు. నేను ఒప్పుకోలేదు. మీటింగ్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా పట్టుదలకి కారణం ఒక నోటు పుస్తకం. రెండేళ్ళ కింద కృష్ణగిరి వైపు నుంచి ఒక పెద్దాయన తన నాయన చేత్తో రాసిన పుస్తకం మనకి పంపారు. ఏ ఇంటివాళ్ళు ఏ ఊరి నుంచి దిగి వచ్చారు, ఏ ఇంటి పిల్లని ఎక్కడికి ఇచ్చారు, అన్నీ వరసగా ఉన్నాయి. తెలుగు మాటలే, లిపి మాత్రం తమిళం. మా నాయన కూడా అలాగే రాసేవాడు. అది మా దగ్గరికి వచ్చేసరికి కవరు ఒక పక్క మొత్తం విచ్చుకుని ఉంది. పిన్ను తుప్పు పట్టి ఊడినందువల్ల మొదటి నాలుగు పుటలు లేవు. దారిలో ఎక్కడ జారాయో దేవుడికే తెలియాలి. ఏ ఆఫీసునీ నేను తప్పు పట్టను. "ఏదో ఒక కవర్లో పెట్టి పంపేయండి మామా" అని ఫోన్‌లో చెప్పింది నేనే. ఆ నాలుగు పుటలు ఆయనకి నోటికి వచ్చు, ఊరికి వెళ్ళినప్పుడు కూర్చుని రాసుకుందాం అనుకున్నాను. ఆ తై నెలలోనే ఆయన పోయారు.

అప్పటి నుంచి కవరు అంటే నాకు ఒక రకమైన పట్టింపు. దాని పాత కథ వెతుక్కుంటూ పోతే తెలిసింది ఏమంటే, ఈ తగవు మన కమిటీలో పుట్టింది కాదు. కవరుకి ఇద్దరు యజమానులు. పోస్టాఫీసు బల్ల మీద ఉండే తక్కెడ "పలచగా ఉండు" అంటుంది. రైల్లో ఎక్కే తపాలా సంచి "గట్టిగా ఉండు" అంటుంది. నూటడెబ్బై ఏళ్ళుగా కవరు ఈ ఇద్దరి మధ్యా నలుగుతోంది.

ముందు మాట గురించి కొంచెం. కర్ణాటకలో ఉన్న మనవాళ్ళు కవరుని లకోటె అంటారు, తెలుగులో లకోటా ఉండనే ఉంది. మేము బళ్ళో చదువుకున్న తమిళంలో దాన్ని ఉఱై అంటారు. దిండు గలీబుకీ, కత్తి పెట్టుకునే ఒరకీ కూడా తమిళంలో అదే మాట. తెలుగు ఒర, తమిళ ఉఱై అక్కాచెల్లెళ్ళు. లోపలిదాన్ని కాపాడేదే ఒర. ఈ సంగతి మీటింగ్‌లో చెబితే అందరూ నవ్వారు, పోనీండి.

మైసూరులో చిక్కదేవరాజ ఒడెయరు 1672లో పెట్టిన తపాలాకి అంచె అని పేరు. అంచె అంటే మజిలీ, వంతు. మనం అంచెలంచెలుగా అంటామే, అదే. ఒకడు పరుగెత్తి సంచి ఇంకొకడికి అందిస్తాడు. 1889లో అది బ్రిటిష్ ఇండియా తపాలాలో కలిసిపోయే దాకా నడిచింది. సంచి మనిషి భుజం మీద పోతున్నంత కాలం కాగితానికి పెద్దగా దెబ్బ తగలదు. తడి ఒక్కటే భయం.

ఇంగ్లండులో 1840కి ముందు ఉత్తరానికి రుసుము దూరాన్ని బట్టి, ఎన్ని కాగితాలు ఉన్నాయన్న లెక్కని బట్టి ఉండేది. కవరు వేస్తే అదీ ఒక కాగితం కిందే లెక్క. అందుకే ఎవరూ కవరు వేసేవారు కాదు. ఉత్తరాన్నే మడిచి, లక్కతో ముద్ర వేసి, వీపు మీద చిరునామా రాసి పంపేవారు. రోలండ్ హిల్ అనే ఆయన వాదించి వాదించి 1840లో కాగితాల లెక్క తీసేసి తూకం లెక్క తెచ్చాడు. అర ఔన్సు లోపల ఉంటే దేశంలో ఎక్కడికైనా ఒక పెన్నీ. తూకం లెక్క వచ్చాకే కవరుకి బతుకు వచ్చింది. తక్కెడ దానికి జన్మనిచ్చింది, వెంటనే పీక కూడా పట్టుకుంది.

మన దేశానికి ఆ పద్ధతి 1854 అక్టోబరు 1న వచ్చింది. దూరం ఎంతైనా సరే, పావు తులం ఉత్తరానికి అర్ధణా, అర తులానికి ఒక అణా. ఇక్కడ నేను కాగితం పెన్సిలు పట్టుకుని లెక్క వేశాను, గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? తులం అంటే సుమారు 11.66 గ్రాములు. పావు తులం 3 గ్రాములకి కాస్త తక్కువ. ఇవాళ జెరాక్స్ కొట్టులో ఇచ్చే ఎ4 కాగితం, 75 జీఎస్ఎంది, ఒక్కటే 4.7 గ్రాములు తూగుతుంది. అంటే కవరు లేకుండా ఇవాళ్టి ఒక్క కాగితం కూడా ఆ రోజు అర్ధణాకి పోయేది కాదు! అందుకే పాత ఉత్తరాల్లో కాగితం ఉల్లిపొర లాగా ఉంటుంది, అక్షరాలు చీమల బారులా ఉంటాయి, అంచుల్లో కూడా అడ్డంగా తిప్పి రాసి ఉంటారు. మనవాళ్ళ పిసినారితనం అనుకునేవాణ్ణి. కాదు, పావు తులం.

పలచన చేయడం అక్కడితో ఆగలేదు. 1879లో పావు అణాకి పోస్టు కార్డు వచ్చింది, కవరే అక్కర్లేకుండా. 1950లో ఇన్లాండ్ లెటర్ వచ్చింది. ఉత్తరమూ అదే, కవరూ అదే, మడిచి అంటిస్తే అయిపోయింది. లోపల ఇంకేమీ పెట్టకూడదు. మా అమ్మ అందులో కుంకుమ పొట్లం పెట్టి పంపేది, అది వేరే సంగతి. విదేశాలకి పోయే ఏరోగ్రామ్‌దీ ఇదే తత్వం, విమానంలో ప్రతి గ్రాముకీ లెక్క కదా. ఇవన్నీ తక్కెడ గెలిచిన చోట్లు.

ఇక సంచి వైపు. 1863లో అలహాబాదు, కాన్పూరు మధ్య రైల్లోనే ఉత్తరాలు వేరు చేసే ఏర్పాటు మొదలయింది. రైల్వే మెయిల్ సర్వీస్‌కి, అంటే మనం ఆరెమ్మెస్ అనేదానికి, అదే మొదలు. నా సర్వీసులో రాత్రి డ్యూటీలు పడ్డప్పుడు ప్లాట్‌ఫారం మీద ఆ పెట్టె పక్కన ఎన్నోసార్లు నిలబడ్డాను. కవరుకి అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో అక్కడ తెలుస్తుంది. అందరూ అనుకునేట్టు విసిరినందుకు కాదు. ఒక ఊరి ఉత్తరాలన్నీ కట్టగా పేర్చి పురికొసతో బిగించి కడతారు. కట్టకి పైనా కిందా ఉన్న కవర్ల అంచుల్ని ఆ పురికొస కోస్తుంది. తరవాత ఆ కట్ట సంచిలో, సంచి మీద ఇంకో సంచి. లోపల దళసరి వస్తువు ఉంటే కవరు నాలుగు మూలలూ బిగుసుకుంటాయి, మూల దగ్గరే మొదట పగులుతుంది. కృష్ణగిరి పుస్తకం కవరు కూడా మూల నుంచే విచ్చుకుంది.

సంచికి జవాబుగా వచ్చింది గుడ్డ కవరు. రిజిస్టర్డ్ ఉత్తరాల కోసం బ్రిటన్ 1878లో లోపల నార గుడ్డ అంటించిన కవర్లు అమ్మింది. మన దేశంలోనూ పోస్టాఫీసులో అలాంటివి అమ్మేవారు, పైన అడ్డంగా నిలువుగా నీలం గీతలతో. కాగితం చిరుగుతుంది, గుడ్డ చిరగదు, అంతే సూత్రం. మా ఆఫీసులో ఎవరికైనా ట్రాన్స్‌ఫర్ అయితే వాళ్ళ సర్వీస్ రిజిస్టరు ఇంకో డివిజన్‌కి గుడ్డ కవర్లోనే పోవాలి. మిగతా తపాలుకి పాత కవర్లనే తిప్పి, మీద చీటీ అంటించి మళ్ళీ వాడేవాళ్ళం. ఒక్క సర్వీస్ రిజిస్టరు విషయంలో మాత్రం మా హెడ్ క్లర్క్ గారు పొదుపు మాట ఎత్తనిచ్చేవారు కాదు. ఒక మనిషి ముప్పై ఏళ్ళ ఉద్యోగం, పెన్షను అందులో ఉంటుంది.

మనం రోజూ చూసే బ్రౌన్ కవరు కథ వేరు. 1879లోనే, మనకి పోస్టు కార్డు వచ్చిన ఏడే, కార్ల్ డాల్ అనే రసాయన శాస్త్రవేత్త కొయ్యగుజ్జుని ఉడికించే కొత్త పద్ధతి కనిపెట్టాడు. అందులో నారపోగులు పొడవుగా, చెడకుండా మిగులుతాయి. ఆ కాగితానికి క్రాఫ్ట్ అని పేరు వచ్చింది. జర్మన్‌లో ఆ మాటకి బలం అని అర్థం. మంచి క్రాఫ్ట్ కవరు నిజంగానే బలమైనదే. కానీ రంగు చూసి మోసపోకండి. పాత కాగితాలు మళ్ళీ మళ్ళీ నలగ్గొట్టి చేసిన కాగితానికి కూడా బ్రౌన్ రంగు వేసి అమ్ముతారు. మూల పట్టుకుని చింపి చూడండి. పొడుగు పోగులు మీసాల్లా లేస్తే మంచి సరుకు. బిస్కెట్టులా తెగిపోతే వద్దు.

తక్కెడా సంచీ ఇద్దరూ ఒకేసారి ఒప్పుకున్న కవరు 1955 తరవాతే వచ్చింది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో జిమ్ వైట్ అనే ఆయన ఒక గొట్టం నుంచి తెల్లటి నురగలాంటి పీచు రావడం గమనించాడట. 1967 నుంచి దాన్ని టైవెక్ పేరుతో అమ్ముతున్నారు. చూస్తే కాగితంలా ఉంటుంది, నిజానికి పాలిథీన్ పోగులు. వెలుతురుకి పట్టి చూస్తే సాలెగూడులా కనిపిస్తాయి. చేత్తో చింపలేరు, నీళ్ళు పడితే తడవదు. ఇక బరువు. 12 అంగుళాలకి 10 అంగుళాల కవరు 100 జీఎస్ఎం క్రాఫ్ట్‌తో చేస్తే మడతలతో కలిపి సుమారు 17 గ్రాములు. అదే కవరు 55 జీఎస్ఎం టైవెక్‌తో అయితే 10 గ్రాముల లోపే. ఇందులో తెలుసుకోవలసింది ఒకటి ఉంది. వేడికి కరుగుతుంది, కాబట్టి లేజర్ ప్రింటర్లో పెట్టి చిరునామా కొట్టించే పని వద్దు. బాల్ పాయింట్ పెన్నుతో రాస్తే చాలు.

సరే, మన అరవై రెండు ఇళ్ళ సంగతికి వస్తాను. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి మనకి లెక్క స్పీడ్ పోస్టుదే. అందులో మొదటి మెట్టు 50 గ్రాములు. విడి ఉత్తరాలు, ఒకటి రెండు కాగితాలు తిరిగి పోయే ఇళ్ళు ఎక్కువ. వాటికి టైవెక్ కవరు, లోపల ఒకే ఒక అట్ట. ఎ4 సైజు 300 జీఎస్ఎం అట్ట 19 గ్రాములు తూగుతుంది, కవరు 10, కాగితాలు రెండు వేసుకుంటే మరో 10. మొత్తం 40లోపే, మొదటి మెట్టులోనే పోతుంది. బ్రౌన్ కవరైతే అదే సరుకు 46కి చేరుతుంది. ఇంకొక్క కాగితం చేరితే మెట్టు దాటుతుంది. చవక కవరు కొన్న లాభం పోస్టాఫీసు బల్ల దగ్గరే కరిగిపోతుంది తమ్ముడూ, కోపం తెచ్చుకోవద్దు.

పుస్తకాలు ఎలాగూ 50 దాటతాయి. దాటాక ఆ మెట్టులో చోటు ఉంటుంది కదా, అక్కడ పొదుపు చేయడం తెలివి తక్కువ. గుడ్డ కవరే వేయాలి, రెండు పక్కలా అట్టలు పెట్టాలి. పుస్తకం కంటే కవరు అన్ని వైపులా ఒక వేలు వెడల్పు పెద్దదిగా ఉండాలి, లేకపోతే మూలలు బిగుస్తాయి. కొరియర్ వాళ్ళ ప్లాస్టిక్ సంచిలో నేరుగా పెడదాం అని కొందరన్నారు. పాత కాగితం ముందే చెమ్మ పట్టి ఉంటుంది, గాలి ఆడని సంచిలో ఉక్కిరిబిక్కిరై బూజు పడుతుంది. ముందు తెల్ల కాగితంలో చుట్టండి. న్యూస్ పేపర్ వద్దు, మసి అంటుకుంటుంది. స్టేప్లర్ పిన్నులు అసలే వద్దు, ఆ కృష్ణగిరి పుస్తకాన్ని చంపింది పిన్నే. గుడ్డ కవర్లకి మైదా జిగురు, అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు రాదు. చేతులు మాత్రం కడుక్కోవాలి, అది విషం. చిరునామా పైన ఒకటి, లోపల చీటీ మీద ఇంకొకటి, పిన్ కోడ్‌తో సహా. కవరు చిరిగినా లోపలి చీటీ దారి చెబుతుంది. ఐప్పసి వానలు మొదలయ్యే లోపల అన్నీ పంపేయాలి.

కృష్ణగిరి పుస్తకం మాత్రం పోస్టులో పంపడం లేదు. ఆ ఇంటి పెద్ద కొడుక్కి నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఆయన చెల్లెలు ఒకామె ధర్మపురి దగ్గర ఉన్నారట, ఎనభై దాటాయట. ఆ మొదటి పుటల్లోని పేర్లు ఆమెకి కొన్నైనా గుర్తుండవచ్చు అని కొడుకు అన్నాడు. దారిలో అక్కడ దిగి వస్తాను, ఎవరైనా తోడు వస్తే సంతోషం.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకి సంఘం గదిలో కవర్లు అంటించే పని. చిన్న ఎలక్ట్రానిక్ తూకం మా ఇంటి నుంచి తెస్తాను. అట్టలు ఇద్దరు ఒప్పుకున్నారు. మైదా ఎవరు తెస్తారో కింద రాయండి.