బంగారు తీగ, ఉక్కు గొట్టం: ఛత్తీస్‌గఢ్ సంస్థానాల వేట తుపాకులకు విలువ కట్టడం

బ్రిటిష్ పాలన చివరి దశలో ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో 14 సంస్థానాలు ఉండేవి. ఓరుగల్లు కాకతీయుల సంతతిగా చెప్పుకొన్న బస్తర్ పాలకులు దక్షిణాన, కొరియా, సర్గుజా ప్రభువులు ఉత్తరాన రాజ్యమేలారు. ఈ రాజకుటుంబాల బాలుర కోసం 1882లో జబల్‌పూర్‌లో ప్రారంభమైన రాజకుమార్ కళాశాల 1894లో రాయపూర్‌కు తరలివచ్చింది. ఆ తరం ప్రభువులకు వేట వినోదం మాత్రమే కాదు, రాచమర్యాదలో భాగం కూడా. అతిథిగా వచ్చిన దొరకు విందు ఎంత ముఖ్యమో అడవిలో వేట అంత ముఖ్యం. ఆ మర్యాదకు తగిన ఆయుధాలు లండన్, బర్మింగ్‌హామ్ నగరాల నుండి కలకత్తా వర్తకుల మీదుగా వచ్చేవి.

1948 జనవరి 1న ఈ సంస్థానాలు మధ్యపరగణాలలో విలీనమయ్యాయి. రాజ్యం పోయినా తుపాకులు వంశపారంపర్యపు సొత్తుగా ఇళ్లలోనే మిగిలాయి. వాటికి విలువ కట్టవలసి వచ్చినప్పుడు చూపరి దృష్టి మొదట పడేది బంగారం మీదనే. పొరపాటు ఆరంభమయ్యేదీ అక్కడే.

జంట గొట్టాల తుపాకీ మీద పొదిగిన బంగారం తూకానికి బహుస్వల్పం. దాని విలువ పనితనంలో ఉంది. మన దేశపు కోఫ్త్‌గరీ విధానంలో ఉక్కు ఉపరితలాన్ని సన్నని అడ్డగీతలతో గరుకు చేసి, దానిపై బంగారు తీగను కొట్టి అతికిస్తారు. వాడకంలో బంగారం అరిగితే అడుగున ఆ గీతలు బయటపడతాయి. తహనిషాన్ పని వేరు. అందులో అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా గాడి తొలిచి, లోహాన్ని అందులోకి దట్టిస్తారు. అది తరతరాలు నిలుస్తుంది. బిద్రీ పాత్రలను చూసిన తెలుగువారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. యూరోపియన్ శిల్పులు పక్షులను, వేటకుక్కలను పొదిగినది ఈ రెండవ పద్ధతికి దగ్గరైనది.

నగిషీ విషయంలో కొత్తదనం గుణం కాదు, అనుమానకారణం. నూరేళ్లు చేతులు మారిన తుపాకీపై గీతలు కొంత మెత్తబడి ఉండాలి. మడమ మీది గళ్ల చెక్కడం అరిగిపోయి, మరమేకుల తలలు చెడిపోయి ఉండగా ఉక్కుపై లతలు మాత్రం వాడిగా కనబడితే, అవి మళ్లీ చెక్కినవేమోనని సందేహించాలి. మెరుగుపెట్టించి తుపాకీని తళతళలాడించిన వారసుడు తెలియకనే దాని ధరను తగ్గించుకుంటాడు. నూతన గొట్టాలు అమర్చిన ఆయుధం మాటా అంతే. అది కాల్చడానికి పనికివస్తుందేమో కాని, దాని మౌలికత పోతుంది.

అసలు సాక్ష్యం గొట్టాల అడుగుభాగంలో ఉంటుంది. బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1813లో ఏర్పడింది. లండన్ తుపాకీ తయారీదారుల సంఘానికి 1637లోనే రాజశాసనం లభించింది. ఆ సంస్థల ముద్రలను బట్టి ఆయుధం ఏ కాలానిదో, ఏ రకం మందును తట్టుకుంటుందో గ్రహించవచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టాలు నల్లమందు కాలానివి. వాటి అలల చారలు కంటికి ఇంపైనవే అయినా, నేటి పొగరాని మందు తూటాలతో వాటిని పేల్చడం ప్రాణాపాయం. గొట్టంపై కలకత్తా వర్తకుని పేరు ఉన్నంతమాత్రాన అది కలకత్తాలో తయారైనదని అర్థం కాదు. బర్మింగ్‌హామ్‌లో చేయించి తమ పేరు చెక్కించుకోవడం ఆనాటి ఆనవాయితీ. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ వంటి సంస్థల పాత లెడ్జర్లు భద్రంగా ఉన్నాయి. తుపాకీ క్రమసంఖ్య తెలిస్తే తొలి కొనుగోలుదారు ఎవరో కనుగొనవచ్చు. బంగారం మొదటనే పొదిగినదా, తరువాత చేర్చినదా అన్నదీ కొన్నిసార్లు అందులోనే తేలుతుంది.

యజమాని పేరుతో విలువ పెరుగుతుంది. ఆ చరిత్ర ఎల్లప్పుడూ గర్వకారణం కాకపోవచ్చు. 1947లో కొరియా ప్రభువు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ చేతిలో మూడు చిరుతలు, అంటే నేడు చీతా అని పిలిచే జంతువులు, నేలకూలాయి. 1952లో ఆ జాతి భారతదేశంలో అంతరించినట్లు ప్రకటించారు. 1972 వన్యప్రాణి చట్టం తరువాత ఈ ఆయుధాలకు వేట అన్న ప్రయోజనమే లేకపోయింది.

చట్టం మరొక చిక్కు. నూరేళ్లు నిండిన కళాకృతి 1972 పురావస్తు చట్టం పరిధిలోకి వస్తుంది. దానిని విదేశాలకు తరలించరాదు. పేల్చడానికి యోగ్యమైనదైతే 1959 ఆయుధ చట్టమూ వర్తిస్తుంది. అందువల్ల లండన్ వేలంపాటల ధరలు ఇక్కడ ప్రమాణం కాజాలవు. కొనుగోలుదారు లైసెన్సుదారుడై ఉండాలి కనుక బజారు ఇరుకైనది. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించి, అదనపు ఆయుధాన్ని ఏడాదిలోగా పోలీసు ఠాణాలోగాని, అధీకృత వర్తకుని వద్దగాని అప్పగించాలన్నది. శాంతిభద్రతల దృష్ట్యా ఆ నియమం సహేతుకమే. అయితే ఠాణా దస్త్రానికి కావలసినది బోరు, క్రమసంఖ్య మాత్రమే. లతలు చెక్కిన శిల్పి, ముద్రల కాలం, తొలి యజమాని వంటి వివరాలకు అందులో గడి లేదు.

రాయపూర్‌లో 1875లో నాంద్‌గావ్ ప్రభువు మహంత్ ఘాసీదాస్ నెలకొల్పిన మ్యూజియం నేటికీ ఉంది. అప్పగింతకు ముందు ఆయుధాన్ని అటువంటి సంస్థ నిపుణునికి చూపించి, గొట్టాల అడుగు ముద్రలకు, నగిషీకి ఫోటోలు తీయించి, తాతల నాటి లైసెన్సు పుస్తకాన్ని జతపరిస్తే వ్యయం స్వల్పమే. ఆ పుస్తకం సాధారణంగా పెట్టె అడుగున, తూటాల రసీదుల మధ్య దొరుకుతుంది. పనికిరాని కాగితమని మొదట పారవేసేదీ దానినే.