అపస్మారమును లేఖినియు

మూర్ఛవ్యాధి దేవతల యాగ్రహముచేఁ గలుగునని ప్రాచీనులలోఁ బెక్కండ్రు నమ్మిరి. ఆ నమ్మకమును ఖండించినవారును ప్రాచీనులలోనే కలరు. హిప్పొక్రటీసు పేరఁ బరఁగు గ్రీకు వైద్యగ్రంథము, ఈ వ్యాధి తక్కిన వ్యాధులకంటె దైవికమైనది కాదనియు, దీనికి మూలము మెదడనియుఁ జెప్పుచున్నది. మన చరకసంహితయు అపస్మారమును స్మృతి తొలఁగించు రోగముగా నెంచి, దానికి నౌషధములను విధించినది.

ఈ వ్యాధికిని వ్రాఁతకునుగల యొక వింత సంబంధమును 1974లో అమెరికా వైద్యులు వాక్స్‌మన్, గెష్విండు అనువారు ప్రకటించిరి. కణతల లోపలనుండు మెదడుభాగమునఁ బుట్టు మూర్ఛగల 7 మంది రోగులను వారు వర్ణించిరి. ఈ రోగులు మూర్ఛ వచ్చిన సమయమునఁ గాక, ఒక మూర్ఛకును మఱియొక మూర్ఛకును నడిమి కాలమునఁ బుటలకొలఁది వ్రాయుచుండిరి. దీనికి హైపర్‌గ్రాఫియా యని పేరు, అతిలేఖన మనవచ్చును. దినచర్యలు, ధర్మవిచారములు, అల్పవిషయమునైనను విడువని వివరణములు ఇట్టి వ్రాఁతలలోఁ గానవచ్చును. అయితే ఈ లక్షణము ఆ వ్యాధిగలవారిలోఁ గొందఱకే కలుగును.

ఈ మాట వినినంతనే రష్యా నవలాకారుఁడగు దొస్తొయెవ్‌స్కీ పలువురకు స్ఫురించును. అతఁడు మూర్ఛరోగి. తనకు మూర్ఛ వచ్చిన దినములను గుర్తు వ్రాసికొనెడివాఁడు. 'ఇడియట్' నవలయందలి నాయకునకును ఆ వ్యాధినే కల్పించెను. అంతమాత్రమున రోగమే యాతని నవలలను రచించెననుట తొందరపాటని మా యభిప్రాయము. 1866లో 'జూదరి' యను నవలను అతఁడు 26 దినములలోఁ జెప్పి వ్రాయించెను. గడువు దాటినచోఁ దన రచనలను ఊరక ముద్రించుకొను హక్కు ప్రకాశకునకుఁ బోవునను భయమే యా వేగమునకుఁ గారణము. అప్పులు తఱుముచుండఁగా కలము పరుగెత్తుటకు వేఱొక హేతువును వెదకనేల? రోగమువలననే కావ్యము పుట్టునేని మూర్ఛరోగు లందఱును మహాకవులు కావలసినదే కదా!

రోగిని దయ్యము పట్టినదనుట యెంత తప్పో, ప్రతిభావంతుని శ్రమను రోగమునకుఁ గట్టిపెట్టుటయు నంత తప్పే. రెంటను మఱవఁబడువాఁడు మనుష్యుఁడే. ఈ మఱపు మన దేశమునఁ జట్టమునకును ఎక్కినది. 1976లో సవరింపఁబడిన హిందూ వివాహచట్టము, మాటిమాటికి మూర్ఛ వచ్చువారిని వివాహమున కనర్హులనుగా నెంచెను. 1999లోఁగాని యా మాట తొలఁగింపఁబడలేదు. మూర్ఛవచ్చినవాని చేతిలోఁ దాళపుచెవులు పెట్టి చికిత్స యైనదనుకొను వారును, సంబంధములు చూచునపుడు ఆ వ్యాధిపేరు విని లేచిపోవువారును మనలో నింకను గలరు. చట్టము విడిచిన దురభిప్రాయమును మనము విడువకుండుట న్యాయము కాదు. ఆ యింటివారికి వైద్యునిఁ జూపుట, ఆ బిడ్డను బడికిఁ బంపుట, మనకుఁ దగిన పనులని మేము విన్నవించుచున్నాము.