ఈదీ అంటే డబ్బు కాదు, ఒక కాగితం

రంజాన్ పండగ రోజు ఉప్పల్‌లోనో నాచారంలోనో ఏ చిన్న పిల్లాణ్ణి ఆపి "ఈదీ ఎంతొచ్చింది రా?" అని అడిగినా వెంటనే జేబు తడుముకుంటాడు. దాదా ఇచ్చిన వంద, మామూ ఇచ్చిన యాభై, దుబాయ్‌లో ఉన్న చాచా అయితే అబ్బా ఫోన్‌పేకి కొట్టేస్తాడు. ఈదీ అంటే మనకు తెలిసింది అదే, పండగ డబ్బు. కానీ రెండు వందల ఏళ్ల కింద ఇదే మాటకు ఇంకో అర్థం ఉండేది. ఈదీ అంటే ఒక కాగితం. బడిలో మౌల్సాబ్ తన చేత్తో రాసిచ్చే కాగితం. పిల్లాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నల ముందు నిలబడి చదవాలి. డబ్బు ఆ తర్వాతి సంగతి. అది కూడా పిల్లాడికి కాదు, మౌల్సాబ్‌కి.

ఈ ఎపిసోడ్ ఆ కాగితం గురించే. ఎందుకంటే ఈరోజు కీసర నుంచి ఉప్పల్ దాకా ఏ మక్తబ్‌లో అడిగినా టీచర్లు ఒకటే మాట అంటారు: "ఇక్కడ మేం చెప్తున్నాం, ఇంట్లో ఎవరూ పట్టించుకోవట్లేదు." ఇంట్లోవాళ్లను అడిగితే వాళ్లది ఇంకో మాట: "మాకు అరబ్బీ రాదు, ఉర్దూ రాదు, మేమేం చూస్తాం?" ఈ తగువు కొత్తదేం కాదు. కాకపోతే పాతకాలం వాళ్లు దీనికి ఒక దారి వేసుకున్నారు, అది మనం మర్చిపోయాం.

ముందు ఒక చిన్న క్లారిటీ. మక్తబ్ వేరు, మదరసా వేరు. మదరసా అంటే ఏళ్ల తరబడి చదివి ఆలిమ్ అయ్యే చోటు. మక్తబ్ అంటే చిన్న పిల్లల బడి. అక్షరాలు, ఖురాన్ చూసి చదవడం, నమాజు, దువాలు. పొద్దున మామూలు స్కూల్‌కి వెళ్లే పిల్లలే సాయంత్రం మసీదులో గంటో గంటన్నరో కూర్చుంటారు. ముస్లిం పిల్లలంతా మదరసాల్లోనే చదువుతారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, 2006 నాటి సచార్ కమిటీ రిపోర్ట్ లెక్క వేరే. పూర్తి కాలం మదరసాల్లో చదివేది బడి వయసు పిల్లల్లో 4 శాతం లోపే అని తేల్చింది. మక్తబ్‌నీ మదరసానీ కలిపి చూడటం వల్లే ఈ గందరగోళం అని కూడా చెప్పింది. ఇవాళ మనం మాట్లాడేది మక్తబ్ గురించి.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. దాని గురించి మనకు చెప్పినాయన పేరు జాఫర్ షరీఫ్. తనది ఏలూరు అని రాసుకున్నాడు. అవును, మన గోదావరి పక్క ఏలూరే. హెర్క్‌లాట్స్ అని మద్రాసులో కంపెనీ కొలువులో ఉన్న ఒక సర్జన్ ఆయన చేత దక్కన్ ముస్లిం ఇళ్ల ఆచారాలన్నీ రాయించి, ఇంగ్లీషులోకి మార్చి, 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. పుస్తకం పేరు ఖానూన్-ఎ-ఇస్లాం. పేరు చూసి చట్టాల పుస్తకం అనుకోవద్దు. పుట్టుక, పేరు పెట్టడం, చదువు, పెళ్లి, చావు, పండగలు, ఇంట్లో ఏ రోజు ఏం వండుతారు, ఇదీ అందులో ఉన్నది. 1921లో విలియం క్రూక్ దాన్ని మళ్లీ సరిచేసి వేశాడు. ఒక తెలుగు నేల మనిషి రాసిన పుస్తకం ఇంత పాతదై, ఇంత పనికొచ్చేదై ఉండి, మన స్కూల్ పుస్తకాల్లో ఒక్క లైన్ కూడా లేకపోవడం నాకైతే విచిత్రమే.

ఈదీ గురించి అందులో ఏముందంటే, పండగ వస్తుందనగా మౌల్సాబ్ రంగు కాగితం మీద, కొన్నిసార్లు బంగారు పొడి చల్లిన కాగితం మీద, పండగ గురించి ఒక పద్యమో పిల్లాడికి ఒక దీవెనో రాస్తాడు. పిల్లాడు ఇంటికి పోయి అది చదివి వినిపిస్తాడు. వాళ్లు సంతోషించి రూపాయో రెండో మౌల్సాబ్‌కి పంపిస్తారు. ఏడాదిలో నాలుగు సందర్భాల్లో ఇది జరిగేది: ఆఖరీ చహార్ షంబా, షబ్-ఎ-బరాత్, రంజాన్, బక్రీద్. జీతం సరిగా రాని మౌల్సాబ్‌కి ఇదొక రాబడి, అందులో దాచాల్సింది ఏమీ లేదు. కానీ ఇంకో పని కూడా జరుగుతోంది చూడండి. ఏడాదికి నాలుగుసార్లు పిల్లాడి చదువు వాడి ఇంటి గుమ్మం దాటి లోపలికి వస్తోంది. ఎంతవరకు వచ్చాడో తల్లిదండ్రులు తమ చెవులతో వింటున్నారు. ఇప్పటి ప్రోగ్రెస్ కార్డులా పక్కన సంతకం పెట్టి పంపేది కాదు. పిల్లాడే ఆ కార్డు.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఆ కాగితం చదవాల్సింది పిల్లాడు, తల్లిదండ్రులు కాదు. వాళ్లకు ఒక్క అక్షరం రాకపోయినా పర్వాలేదు. వినడానికి చదువు అక్కర్లేదు కదా.

తెలుగు ఊళ్ల వీధి బడులు గుర్తున్నాయా? మీకు గుర్తుండవు, మీ తాతయ్యలను అడగండి. కోస్తా ఊళ్లలో దసరా వచ్చిందంటే పంతులుగారు పిల్లలకు విల్లంబులు పట్టించి, పాటలు నేర్పించి, ఇల్లిల్లూ తిప్పేవారు. పిల్లలు పాడితే ఇంటివాళ్లు పంతులుగారికి డబ్బులు, పిల్లలకు పప్పు బెల్లాలు ఇచ్చేవాళ్లు. మతం వేరు, పండగ వేరు, పద్ధతి మాత్రం అచ్చం ఒకటే. బడి ఇంటికి నడిచి వచ్చేది.

బడికి పంపేది కూడా ఇంట్లోనే మొదలయ్యేది. మనకు అక్షరాభ్యాసం ఉన్నట్టే వాళ్లకు బిస్మిల్లా. పిల్లకో పిల్లాడికో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే చుట్టాలను పిలిచి, కొత్త బట్టలు తొడిగి, పూలదండ వేసి, గురువు ముందు కూర్చోబెట్టేవాళ్లు. గురువు అంటే పిల్ల తిరిగి పలకాలి, బిస్మిల్లా, ఆ తర్వాత ఖురాన్‌లో మొదట దిగిందని చెప్పే "చదువు" అనే ఆదేశం ఉన్న వాక్యాలు. హైదరాబాద్ ఇళ్లలో ఇప్పటికీ చేస్తారు, ఫంక్షన్ హాల్‌కి మారిందంతే. ఖురాన్ మొత్తం ఒకసారి చదవడం అయ్యాక మళ్లీ ఒక పండగ, దాన్ని హదియా అంటారు. అందరి ముందు చదివించి గురువుకి కానుకలు ఇస్తారు. అంటే మొదలూ చివరా ఇంట్లో, మధ్యలో ఏడాదికి నాలుగుసార్లు కాగితం.

ఇక రోజువారీ సంగతి. మక్తబ్‌లో కొత్త పాఠాన్ని సబఖ్ అంటారు, పాత పాఠాన్ని తిరగేయడాన్ని ఆమూఖ్తా అంటారు. ముందు ఖాయిదా, అంటే అక్షరాల పుస్తకం, తర్వాత అమ్మ పారా. తెలుగు ఇళ్ల పిల్లలు ఈ పేరు వినగానే నవ్వుతారు, ఇదేదో అమ్మ పుస్తకం అనుకుని. అరబ్బీలో "అమ్మ" అంటే "దేని గురించి" అని. ఖురాన్ చివరి భాగం ఆ మాటతో మొదలవుతుంది కాబట్టి ఆ పేరు. అయినా పిల్లల అర్థం కూడా తప్పేం కాదులెండి, ఎందుకంటే ఇంట్లో ఆ పాఠం వినేది ఎక్కువగా అమ్మే. అమ్మ వంట చేస్తూ ఉంటుంది, పిల్ల పక్కన కూర్చుని చదువుతుంది.

మా నాయనమ్మకు చదువు రాదు. కానీ రోజూ సాయంత్రం ఎక్కాలు అప్పజెప్పమనేది. పదమూడో ఎక్కం దగ్గర నేను తడబడితే వెంటనే పట్టేసేది. "ఆగినవ్, మళ్లీ మొదట్నుంచి." పదమూడు ఏడ్ల ఎంతో ఆమెకు తెలియదు. కానీ నాకు రాదని ఆమెకు తెలుసు. అప్పజెప్పడం అనే మాట ఎంత బాగుందో చూడండి. పాఠాన్ని తీసుకెళ్లి ఇంకొకరి చేతికి ఇస్తున్నట్టు. ఉర్దూలో సబఖ్ సునానా అంటారు, పాఠం వినిపించడం. రెండూ ఒకటే పని.

మరి ఇది ఎక్కడ తెగింది? 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని బడులన్నీ లెక్కపెట్టమని కలెక్టర్లకు చెప్పాడు. అప్పుడు మద్రాసు నగరం నుంచి వచ్చిన లెక్కలో, బడుల్లో చదివేవాళ్లకంటే ఇళ్లలో చదువుకునే పిల్లలు కొన్ని రెట్లు ఎక్కువ ఉన్నారు. ఆ తర్వాత సర్కారు లెక్కల్లో ఎక్కువగా బడే కనిపించింది. ఇల్లు రిజిస్టర్‌లోంచి పోయింది.

హైదరాబాద్ రాజ్యంలో కూడా పెద్ద సంస్థలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1856లో మొదటి సాలార్ జంగ్ దారుల్ ఉలూమ్ పెట్టాడు. 1876లో మౌలానా అన్వరుల్లా ఫారూఖీ జామియా నిజామియా మొదలుపెట్టాడు, ఆరో నిజాంకీ ఏడో నిజాంకీ చదువు చెప్పింది ఈయనే. 1880లలో ఆఫీసు భాష ఫార్సీ నుంచి ఉర్దూకి మారింది. 1918లో ఉర్దూ మీడియంతో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. నాచారం నుంచి తార్నాక మీదుగా వెళ్తే ఆ క్యాంపస్‌లోనే దాయిరతుల్ మఆరిఫ్ ఉంది, 1888లో మొదలై పాత అరబ్బీ రాతప్రతులను అచ్చు వేసిన సంస్థ. గొప్ప పనే, కాదనను. కానీ ఏడేళ్ల పిల్ల సాయంత్రం పాఠం ఎవరికి అప్పజెప్పింది అన్న చరిత్ర ఈ పెద్ద భవనాల్లో దొరకదు.

1948 తర్వాత ఉర్దూ ఆఫీసుల్లోంచి, యూనివర్సిటీ క్లాసుల్లోంచి పక్కకు జరిగింది. ఉర్దూ చదివితే ఉద్యోగం వస్తుందన్న లింకు తెగింది. తర్వాతి తరాలు ఇంగ్లీషు, తెలుగు మీడియం వైపు వెళ్లాయి. తండ్రికి మాట్లాడే ఉర్దూ వచ్చు, చదివే ఉర్దూ రాదు, అనే పరిస్థితి అట్లా మొదలైంది.

తూర్పు హైదరాబాద్‌కి ఇది ఇంకో రకంగా తగిలింది. పాతబస్తీలో గల్లీ గల్లీకీ ఒక ఉస్తానీ ఉండేది, ఇంట్లోనే పది మంది ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని చదివించేది. ఉప్పల్, నాచారం, చర్లపల్లి అట్లాంటి పాత గల్లీలు కావు. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ, 1967లో ఈసీఐఎల్, 1971లో ఎన్‌ఎఫ్‌సీ, వాటి చుట్టూ ఇండస్ట్రియల్ ఏరియాలు, ఇట్లా పని కోసం పెరిగిన చోట్లు. వరంగల్ రోడ్డు పట్టుకుని, నల్గొండ దిక్కు నుంచి, ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాలు. వాళ్లలో ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలు కూడా ఉన్నారు. దాదీ ఊళ్లో ఉండిపోయింది, ఉస్తానీ లేదు, అమ్మీ అబ్బా ఇద్దరూ షిఫ్టులు. మసీదులో చదువు చెప్పే హాఫిజ్‌సాబ్ చాలా చోట్ల బీహార్ నుంచో యూపీ నుంచో వచ్చినాయన, ఆయనకు తెలుగు రాదు. పిల్లకు మక్తబ్‌లో ఉర్దూ, స్కూల్‌లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. పాఠం ఒక భాష దగ్గర ఎక్కడో ఆగిపోతుంది.

తెలుగులో దారి వేద్దామని చూసినవాళ్లు లేకపోలేదు. ఖురాన్‌ని తెలుగులోకి మొదట తెచ్చినవారు చిలుకూరి నారాయణరావు గారు, 1920లలో. అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన పండితుడు, రాయలసీమ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. తర్వాత ముస్లిం రచయితలు చాలా మంది చేశారు. అర్థం తెలుసుకోవాలనే అమ్మానాన్నలకు అవి అందాయి. కానీ అనువాదం చదవాలంటే మళ్లీ చదువు రావాలి, తీరిక ఉండాలి.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2012 సవరణలో మదరసాలను, వేద పాఠశాలలను చట్టం నుంచి మినహాయించారు. మతపరమైన చదువులో సర్కారు జోక్యం వద్దన్న వాదనలో న్యాయం ఉంది. కానీ దాంతో పాటు, కమిటీలో అమ్మలు కూర్చోవాలి అన్న మాట కూడా ఈ బడులకు వర్తించకుండా పోయింది. అదేదో వాళ్లే పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపట్లేదు.

ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. 2020లో లాక్‌డౌన్ అప్పుడు మసీదులు మూసేస్తే సబఖ్ అంతా ఫోన్‌లోనే నడిచింది. అవి అట్లాగే ఉండిపోయాయి. ఏం పంపుతున్నారు వాటిలో? ఎక్కువగా ఉర్దూలో టైప్ చేసిన నోటీసు, ఫీజు గుర్తు చేసే మెసేజ్, పీడీఎఫ్. అన్నీ అమ్మీ చదవాల్సినవి. ఆమె చదవలేదు, చూసి వదిలేస్తుంది, బ్లూ టిక్ పడుతుంది, తల్లికి శ్రద్ధ లేదని టీచర్ అనుకుంటారు. ఏలూరు జాఫర్ షరీఫ్ చెప్పిన కాగితం దీనికి ఉల్టా. అది చదివే పని పిల్లాడికి, వినే పని అమ్మకి ఇచ్చింది.

అదే ఫోన్‌లో వాయిస్ మెసేజ్ ఉంది కదా. హాఫిజ్‌సాబ్ ఇవాళ్టి సబఖ్ అర నిమిషం చదివి పెడితే, రాత్రి షిఫ్ట్ అయ్యి వచ్చిన అమ్మ ముందు అది వింటుంది, తర్వాత బిడ్డ చదివేది వింటుంది. రెండూ ఒకటిగా లేకపోతే ఆమెకు తెలిసిపోతుంది. మా నాయనమ్మకు తెలిసినట్టు. ఇందులో ఆమెకు అరబ్బీ రావాల్సిన అవసరం ఎక్కడుంది? బిడ్డ చదివింది రికార్డ్ చేసి తిరిగి పంపితే హాఫిజ్‌సాబ్‌కి కూడా ఇంట్లో ఎవరో విన్నారని తెలుస్తుంది. యాప్ కొననక్కర్లేదు, ఉన్న ఫోన్ చాలు.

మీ ఇంట్లో నానీ పెట్టెలోనో దాదా పాత కాగితాల్లోనో రంగు కాగితం మీద ఉర్దూలోనో ఫార్సీలోనో నాలుగు లైన్లు రాసినది ఏదైనా ఉంటే పారేయకండి, అది ఈదీ కావచ్చు. ఎవరు రాశారో, ఎవరు ఎవరికి చదివి వినిపించారో పెద్దవాళ్లను అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో పాతబస్తీ ఉస్తానీల గురించి మాట్లాడుకుందాం.