వైన్ క్లబ్బుల కథ: ఆల్బర్ట్ హాల్ నేలమాళిగ నుంచి ఇంటి గుమ్మం దాకా

వైన్ క్లబ్బు పని చూడటానికి చిన్నది. సభ్యుల తరఫున ఎవరో ఒకరు వైన్ రుచి చూసి, ఎంచి, పెట్టెలకు పెట్టెలుగా ఇంటికి పంపుతారు. ఆ ఎంచేది ఎవరు, మిగిలిన లాభం ఎవరికి చేరుతుంది అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఒక క్లబ్బుకూ ఇంకో క్లబ్బుకూ తేడా వస్తుంది. నూట యాభై ఏళ్లలో వీటికి వచ్చిన జవాబులు ఒకదానికొకటి పొంతన లేనివి.

పందొమ్మిదో శతాబ్దం సగం దాకా ఇంగ్లండ్‌లో వైన్ కలిగినవారి సరుకు. 1703నాటి మెథ్యూన్ ఒప్పందం పోర్చుగల్ వైన్‌కు ఫ్రెంచి వైన్ కంటే మూడో వంతు తక్కువ సుంకం ఖాయం చేయడంతో పెద్దిళ్లలో అక్కడి పోర్టు వైన్ పాతుకుపోయింది. 1860లో ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ ఫ్రాన్స్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందాన్ని ఆసరా చేసుకుని గ్యాలనుకు 5 షిల్లింగుల 10 పెన్నీలున్న సుంకాన్ని 3 షిల్లింగులకు దించాడు. కొద్దికాలానికే తేలికపాటి వైన్‌పై అది ఒక్క షిల్లింగుకు దిగింది. ఘాటు ఎక్కువున్న వాటిపై మాత్రం రెండున్నర షిల్లింగులు. వైన్‌ను విడి సీసాలుగా అమ్ముకునే వీలు కిరాణా దుకాణాలకూ దక్కింది. మధ్యతరగతి భోజనాల బల్ల మీదికి వైన్ అలా వచ్చింది, దాని వెంటే కొత్త చిక్కూ వచ్చింది. సీసాలో ఏముందో కొనేవాడికి తెలియదు, తెలిసినవాడల్లా అమ్మేవాడే.

ఈ చిక్కుకు తొలి గట్టి జవాబు ఒక ప్రదర్శన మిగిల్చిన సరుకులోంచి పుట్టడం విచిత్రమే. లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో 1871 నుంచి ఏటా జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనల్లో చివరిది 1874లో జరిగింది. దానికోసం వచ్చిన వైన్ పీపాలను అప్పటికి మూడేళ్ల కిందటే తెరిచిన రాయల్ ఆల్బర్ట్ హాల్ నేలమాళిగల్లో ఉంచారు. పోర్చుగల్ రైతులు పంపినవి అక్కడే ఉండిపోయాయి, చూసినవారూ తక్కువే. వాళ్లు మొరపెట్టుకోగా ఆ వైన్‌ను వదిలించే బాధ్యత హెన్రీ స్కాట్ మీద పడింది. ఆల్బర్ట్ హాల్ నిర్మాణాన్ని నడిపించిన సైనిక ఇంజనీరు ఆయనే. స్కాట్ కొన్ని విందులు ఏర్పాటు చేసి అతిథులకు ఆ వైన్ పోయించాడు. తాగినవారికి నచ్చింది. అలాంటి ఊరూపేరూ తెలియని మంచి వైన్ ఇంకెంత ఉందో అన్న ఆలోచనతో స్కాట్, కంటి వైద్యుడు బ్రూడెనెల్ కార్టర్, సుంకాల శాఖ అధికారి జార్జ్ స్క్రివెనర్ కలిసి ఆ ఏడాది ఆగస్టులో ఒక సహకార సంఘం పెట్టారు. అదే నేటి వైన్ సొసైటీ.

వాళ్లలో వైన్ వర్తకుడు ఒక్కడూ లేకపోవడం గమనించాలి. సంఘం నిబంధనలు కూడా ఆ ధోరణిలోనే ఉన్నాయి. సభ్యుడికి ఒక్కటే వాటా. దానిమీద డివిడెండు రాదు. మిగులంతా ధర తగ్గించడానికో, మంచి సరుకు కొనడానికో వెళ్లాలి. నెలనెలా కొనాలన్న బలవంతం లేదు. ఇంగ్లండ్‌లో 1844 నుంచి రోచ్‌డేల్ నేతకార్మికులు కిరాణా సరుకుల విషయంలో సహకార పద్ధతిలో చేసి చూపిన పనినే ఈ పెద్దమనుషులు వైన్‌కు అన్వయించారు. 1965లో సంఘం లండన్ విడిచి స్టీవెనేజ్‌కు మారింది.

చందా క్లబ్బు పూర్తిగా వేరే దారిలో వచ్చింది. దాని మూలం పుస్తకాల వ్యాపారంలో ఉంది. 1926లో అమెరికాలో మొదలైన బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్బులో సభ్యుడు వద్దని చెబితే తప్ప ఆ నెల పుస్తకం వచ్చేది. మనిషి బద్ధకాన్ని ఆదాయంగా మార్చిన ఉపాయం ఇది. 1972లో కాలిఫోర్నియాలో మందుల దుకాణం నడిపే పాల్ కలెంకేరియన్ నెలకో ఎంపికగా వైన్ పంపే క్లబ్బు పెట్టాడు. మరుసటి ఏడాది బ్రిటన్‌లో సండే టైమ్స్ పత్రిక పేరుతో వైన్ క్లబ్ మొదలైంది. బోర్డో ప్రాంతం నుంచి నేరుగా వైన్ తెచ్చి అమ్ముతున్న టోనీ లెయిత్‌వెయిట్ దాన్ని నడిపాడు, రచయిత హ్యూ జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక సముదాయంలో చేరింది కూడా ఆ ఏడాదే. ఫ్రెంచి ఊళ్ల పేర్లను ఇష్టమొచ్చినట్టు లేబుళ్లపై వేసుకునే కాలం దానితో ముగిసింది. చందా క్లబ్బులో ఎంచేది వర్తకుడే, లాభమూ అతనిదే. పత్రిక పేరు మాత్రం నమ్మకానికి పూచీగా నిలిచింది.

మూడో రకం, ద్రాక్షతోటల యజమానులే నడిపే క్లబ్బు, అమెరికాలో ఎదగడానికి అక్కడి చట్టాలే అడ్డు. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు రాజ్యాంగ సవరణ మద్యం మీద అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. చాలాచోట్ల తయారీదారు పంపిణీదారుకు, అతను దుకాణానికి అమ్మాలన్న పద్ధతి స్థిరపడింది. చిన్న వైనరీలను పంపిణీదారులు పట్టించుకునేవారు కాదు. కొన్ని రాష్ట్రాలు తమ వైనరీలకు ఇంటికి పంపే అనుమతి ఇచ్చి బయటివాటికి నిరాకరించాయి. వర్జీనియాలో వైనరీ నడిపే హువానిటా స్వీడెన్‌బర్గ్ తదితరులు కోర్టుకెక్కగా, 2005 మే 16న సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ వివక్షను కొట్టేసింది. అనుమతిస్తే అందరికీ, లేదంటే ఎవరికీ వద్దన్నది తీర్పు సారం. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు తలుపులు తెరిచాయి, అయితే ఒక్కోటి ఒక్కో షరతుతో. తెలుగువారు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ 2012లో అనుమతిస్తూనే ఏటా రెండున్నర లక్షల గ్యాలన్లకు మించి తయారుచేసే వైనరీలను పక్కన పెట్టింది. టెక్సాస్‌లో అలాంటి గీత లేదు. కాబట్టి ఒకచోట దొరికిన క్లబ్బు ఇల్లు మారాక దొరక్కపోవచ్చు.

ఈ మూడు వంశాలూ నేటికీ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే తోట వైన్ మీద మనసుపడ్డవారికి వైనరీ క్లబ్బు తగినది, వైవిధ్యం మాత్రం ఆశించకూడదు. రకరకాలు రుచి చూడాలనుకునే కొత్తవారికి చందా క్లబ్బు తేలిక. కానీ అందులో చేరేముందు తర్వాతి పెట్టెను ఆపే పద్ధతి, సభ్యత్వం రద్దుచేసుకునే గడువు చదివి తీరాలి. తామే ఎంచుకుని, అవసరమైనప్పుడే కొనేవారికి 1874నాటి సహకార పద్ధతిని మించింది ఇప్పటికీ రాలేదు.